పాతర నుండి స్టోర్ రూము దాకా: డోన్ ప్రాంత సామూహిక వంటశాలల్లో ఆహారనిల్వ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాయలసీమ మెట్టనేలల్లో తిండిగింజలు దాచుకోవడం మొదట ఇంటివిద్య. కరువు శిబిరం, గంజి కేంద్రం, వసతిగృహం, బడి వంటగది వచ్చిన తరువాత దాచేవారు ఒకరు, వండేవారు ఒకరు, తినేవారు వేరొకరు అయ్యారు. ఈ మార్పు తిండి మంచిచెడ్డలపై ఎలాంటి ప్రభావం చూపిందో డోన్ (ద్రోణాచలం) పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిల్వకు, చెడిపోవడానికి సంబంధించిన తెలుగు పదాలు, 1876-78 నాటి ధాత కరువు, ఇటీవలి మధ్యాహ్న భోజన పథకం ఇందులో ప్రధానాధారాలు. చెడిన పదార్థాన్ని పారబోసే అధికారం ఎవరిది అన్న ప్రశ్న నిల్వ చరిత్ర అంతటా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డోన్, ద్రోణాచలం, పాతర, గరిసె, ధాత కరువు, గంజి కేంద్రాలు, చద్ది, మధ్యాహ్న భోజనం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

డోన్ పట్టణాన్ని పాత తరం వారు నేటికీ ద్రోణాచలం అనే అంటారు. ఎర్రమల కొండలకు పడమటి వైపున్న మెట్టప్రాంతమిది. కొండలకు అవతల నంద్యాల లోయకు కర్నూలు-కడప కాలువ నీళ్లు అందాయి గాని, ఇవతలి ఎత్తునేలలకు అందలేదు. వానను నమ్ముకొని జొన్న, కొర్ర, కంది, వేరుశనగ, ప్రత్తి పండించిన ప్రాంతం. చిరకాలం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. ఈ వ్యాసంలో కర్నూలు జిల్లా అన్నప్పుడు ఆ పాత జిల్లానే ఉద్దేశించాను.

వాన ఒక ఏడు పడి, ఒక ఏడు ఎగ్గొట్టే చోట నిల్వ అన్నది సౌకర్యం కాదు, బతుకుదెరువు. అందుకే ఇక్కడి భాషలో నిల్వను గురించిన పదాలు దట్టంగా ఉన్నాయి. రాయలసీమ కరువుపై సాహిత్య పరిశోధన చాలా జరిగింది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) మొదలు నేటి కథల వరకు ఆకలిని గురించి విస్తారంగా చర్చించుకున్నాం. తిండి లేకపోవడం మీద పెట్టిన దృష్టి, ఉన్న తిండి చెడిపోవడం మీద పెట్టలేదు. వందమందికి ఒకేచోట వండే వంటశాలలో ఈ రెండవది మొదటిదానికి తీసిపోని ప్రమాదం.

2. మాటల్లో దాగిన నిల్వ

సి.పి.బ్రౌన్ కడపలో ఉండి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేసిన సంగతి తెలిసిందే. 1852లో వెలువడిన ఆయన నిఘంటువు పాతర అన్న మాటకు భూమిలో ధాన్యం దాచే గుంత అన్న అర్థమే చెబుతుంది. ఈనాడు పత్రికల్లో ‘హామీలకు పాతర’, ‘నిబంధనలకు పాతర’ అన్న శీర్షికలు చూసేవారికి పాతర అంటే గోరీ వంటిది. మన అవ్వల తరానికి పాతర అంటే రేపటి కూడు. ఒక మాట తన మంచి అర్థాన్ని పోగొట్టుకొని చెడ్డ అర్థంతో మిగలడం ఆ వస్తువు కనుమరుగైనందుకు గుర్తు. గరిసెది మరొక కథ. ధాన్యం పోసే కట్టడానికి పేరైన ఈ మాట మద్రాసు రాజధానిలో ధాన్యపు పెద్ద కొలతగా సర్కారు లెక్కల్లోకి కూడా ఎక్కింది. గాదె విషయానికి వస్తే, ‘గాదె కింద పందికొక్కు’ అన్న నానుడి అందరికీ తెలుసు. పదిమంది సొత్తును లోపల కూర్చొని తినేవాడికి మన భాష పెట్టిన పేరిది. నిల్వకు పురుగు కన్నా మనిషి వల్ల కలిగే నష్టాన్ని కూడా ఆ భాష ముందే లెక్కలోకి తీసుకుంది.

చెడిపోవడానికి కూడా తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టరు. బియ్యం ముక్కిపోతాయి, పప్పులు పుచ్చుతాయి, అన్నం పాచిపోతుంది, పిండి పులుస్తుంది, రొట్టెకు బూజు పడుతుంది, పాలు విరుగుతాయి, నూనెకు కనరు వాసన వస్తుంది. ఏ పదార్థం ఎలా పాడవుతుందో, దాన్ని కన్నుతో పట్టాలో ముక్కుతో పట్టాలో నాలుకతో పట్టాలో ఈ క్రియలే చెబుతాయి. (ముక్కిపోవడానికి ముక్కుతో వ్యుత్పత్తి సంబంధం ఉందని నేను అనడం లేదు. కాని తేల్చేది మాత్రం ముక్కే.) ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగులో ఇవన్నీ ‘నాణ్యతాలోపం’ అన్న ఒకే మాటలో కలిసిపోయాయి.

ఇక పాతర నిర్మాణం. నీరు ఊరని గట్టినేల చూసి, మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా గుంత తవ్వేవారు. అడుగున, చుట్టూ ఎండుగడ్డి గాని జొన్నసొప్ప గాని పరిచి, బాగా ఎండిన జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవారు. గింజ కూడా ఊపిరి పీల్చే జీవే. మూసిన గుంతలో అది, దానితోపాటు పురుగులు, ఉన్న ప్రాణవాయువును వాడేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. కొద్ది రోజులకు పురుగు బతకలేని స్థితి ఏర్పడుతుంది. మందు చల్లకుండా పురుగును చంపే ఈ పద్ధతినే నేటి శాస్త్రం గాలి చొరని నిల్వ అంటున్నది. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగితే ప్రాణానికే ముప్పు. అందుకని మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరిపోకుండా ఉంటేనే దిగేవారు. గోడవారన ఉన్న గింజలు కొంత రంగు మారి, వాసన పట్టేవి. వాటిని వేరు చేసేవారు. ఎక్కువకాలం పాతరలో ఉన్న గింజ మొలకెత్తదు కాబట్టి విత్తనాలను పాతరలో వేయక విడిగా కుండల్లో ఉంచుకొనేవారు. కందులకు ఎర్రమన్ను పట్టించడం, కందిపప్పుకు ఆముదం రాయడం, గింజల్లో వేపాకు, బూడిద కలపడం ఇదే విద్యలో భాగాలు.

పాతరను మరీ ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. పాతర ఉన్నవాడికి భూమి ఉంది. భూమి లేనివాడికి మిగిలేది ఒక కుండ, అదీ నిండితే. కరువు ఏట ధర పెరిగేదాకా పాతర విప్పని ఆసాములు కూడా ఉండేవారు. 1876 చివరి నెలల్లో మద్రాసు రాజధానిలో జరిగిన ధాన్యపు దోపిడీల గురించి డేవిడ్ ఆర్నాల్డ్ వంటి చరిత్రకారులు రాసింది చదివితే, మూసిన గాదెకు ఎదురుగా నిలబడ్డ ఆకలి కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా గాదెలు తెరిచినవారి పేర్లు కూడా జనం నోట నిలిచాయి. 1866 నాటి కరువులో వేలమందికి అన్నం పెట్టాడని, విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం అందుకున్నాడని ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని జానపదులు పాటకట్టి పాడుకున్నారు.

అయితే ఒక్క విషయం గమనించాలి. పాతరలో జొన్నలు పోసినవారే, లేదా వారి ఇంటివారే, వాటిని దంచి వండి తినేవారు. గింజ ముక్కితే ఆ సంగతి మొదట తెలిసేది ఆ ఇంటి ఆడమనిషికి. పనికిరాదనుకుంటే గొడ్డుకు వేసేది, పారబోసేది ఆమే. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

3. ధాత కరువు: మొదటి సర్కారు వంటశాలలు

1876లో వానలు తప్పాయి. అది ధాత సంవత్సరం. తరువాతిది ఈశ్వర. జనం దీన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చిన చరిత్రకారులు కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిందని చెబుతారు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి సంకలనం చేసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో, అంటే ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే వెలువడింది.

అప్పటికి రైలుమార్గం కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు పోయేది. నాటి కర్నూలు జిల్లాను అది తాకలేదు. బెంగాలు, బర్మా నుండి ఓడల్లో మద్రాసుకు చేరిన బియ్యం రైలు దిగి, అక్కడినుండి ఎడ్లబండ్ల మీద లోపలి ఊళ్లకు రావాలి. మేత లేక ఎడ్లు కూడా చచ్చిపోతున్న కాలం. జొన్నసంగటి తిన్న నోటికి ఓడబియ్యం రావడం ఇక్కడ మొదలయింది. ఏ నేలలో పండిందో, ఎప్పుడు దంచారో, ఎన్నాళ్లు ఓడలో ఉందో, వండే మనిషికి గాని తినే మనిషికి గాని తెలియని గింజ అది. నిల్వ చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలోని మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. జైళ్ల ఆహార లెక్కలను ముందుపెట్టి, బరువుపని చేసే మనిషికి ఇది చాలదని వాదించాడు. ఆ వివాదం విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన రెండు సంపుటాల కరువు చరిత్రలో వివరంగా ఉంది. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

పని చేయలేనివారికి శిబిరాల్లో వండి పెట్టేవారు. తెలుగునేలలో సత్రాలు, మఠాలు అంతకుముందూ ఉన్నాయి. 1261 నాటి మల్కాపురం శాసనం అన్నసత్రానికి చేసిన ఏర్పాటును తెలుపుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి కడప, అహోబిలం దారిన పోతూ ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయో రాసుకున్నాడు. కాని సత్రానికి మాన్యం భూమి ఆ దగ్గరిలోనే ఉండేది, ధాన్యం అక్కడిదే. వంటశాల ఒకచోట, ధాన్యపు రాశి వందల మైళ్ల అవతల, మధ్యలో రసీదులు ఉండే వ్యవస్థ మనకు కరువు శిబిరంతోనే వచ్చింది.

శిబిరాల్లో చావులకు అతిసారం, జిగట విరేచనాలు, కలరా ముఖ్య కారణాలు. (ఈ ప్రాంతానికి కలరా కొత్త కాదు. గవర్నరు థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో చనిపోయింది దానితోనే.) మద్రాసు శిబిరాల్లో వైద్యుడుగా పనిచేసిన అలెగ్జాండర్ పోర్టర్ మృతుల శరీరాలను పరీక్షించి, ఆకలికి పేగులే అరిగిపోయి తిన్నది ఒంటబట్టని స్థితిని 1889 నాటి గ్రంథంలో వర్ణించాడు. అలా అరిగిన పేగుకు ముక్కిన బియ్యం, ఉడకని గంజి, మురికి నీరు ఏం చేస్తాయో ఊహించడానికి వైద్యుడు కానక్కరలేదు. అయినా టెంపుల్-కార్నిష్ వాదమంతా ఎంత పెట్టాలన్నదాని మీదే నడిచింది. ఎలాంటిది పెట్టాలన్నది పక్కకు పోయింది. కొలత కాగితం మీదికి సులభంగా ఎక్కుతుంది, వాసన ఎక్కదు. 1880 నాటి కరువు కమిషన్ తరువాత వచ్చిన కోడ్లు శిబిరాలకు క్రమాన్ని తెచ్చాయి. కరువు రక్షణ కోసమని వేసిన బళ్లారి-కృష్ణా రైలుమార్గం గుంతకల్లు నుండి బెజవాడ వైపు సాగి, ద్రోణాచలాన్ని స్టేషనుగా చేసింది. గింజ ఇక వేగంగా వస్తుంది. అంత వేగంగానే ఈ నేల గింజ బయటికి కూడా పోతుంది.

4. గంజి కేంద్రాలు, పాలపొడి డబ్బాలు

1950ల తొలి ఏళ్లలో రాయలసీమను మళ్లీ కరువు కమ్మినపుడు గంజి కేంద్రాలు తెరిచారు. ఆ తరువాత 1960, 70 దశకాల్లో కేర్ సంస్థ ద్వారా అమెరికా గోధుమరవ్వ, మొక్కజొన్న-సోయా పిండి, నూనె డబ్బాలు బడులకు వచ్చాయి. ఆ తరంలో బడి ఉప్మా తినని గ్రామీణ విద్యార్థి అరుదు. ఖాళీ అయిన నూనె డబ్బాలు, పాలపొడి డబ్బాలు ఇళ్లలో ఉప్పు, పప్పు పోసుకొనే పాత్రలయ్యాయి. విదేశీ గింజ ఎంతకాలం ఆగుతుందో, తేమ తగిలితే ఎలా మారుతుందో బడి ఆయాలకు ఎవరూ చెప్పలేదు. మంచి డబ్బా దొరికితే మళ్లీ వాడుకోవడం పేదఇంటి పొదుపు. ఈ అలవాటును గుర్తుపెట్టుకోవాలి. దీనికి మళ్లీ వస్తాను.

5. మూడు కిలోల బియ్యం

1995 ఆగస్టు 15న కేంద్రం ప్రాథమిక విద్యకు పోషకాహార పథకం ప్రారంభించింది. వండి పెట్టలేని రాష్ట్రాల్లో హాజరు ఎనభై శాతం ఉన్న పిల్లవాడికి నెలకు మూడు కిలోల గింజలు ఇచ్చారు. మన రాష్ట్రంలోనూ అంతే. నా ప్రాథమిక విద్య ఆ ఏళ్లలోనే జరిగింది. బియ్యం తెచ్చిన రోజు మా అమ్మ చేసే పని నాకు బాగా గుర్తుంది. సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకొనేది. జల్లెడ పట్టి, చేటలో చెరిగి, చాప మీద ఎండకు పోసేది. కొన్ని నెలల బియ్యం అన్నానికి వచ్చేవి, కొన్ని దోసెపిండికి, కొన్ని కోళ్లకు. సర్కారు బియ్యమైనా సరే, ఇంటి గడప దాటాక దాని గతి తేల్చేది ఆమే.

2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం పి.యు.సి.ఎల్. కేసులో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరి నుండి మన రాష్ట్రంలో అమలైంది. వంట పనిని మహిళా పొదుపు సంఘాలకు అప్పగించారు. బడి భాషలో వారి పేరు ‘ఏజెన్సీ’. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో వంటవారి నియామకాల్లో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని న్యాయస్థానం చెప్పింది. ఎవరు వండితే ఎవరు తింటారన్న పాత ప్రశ్నకు అది రాజ్యాంగం తరఫు జవాబు. ఈ మార్పు చారిత్రకమైనది, దాని మేలు గురించి నాకు సందేహం లేదు. అయితే చేటలో చెరిగి తీర్పు చెప్పే పని అమ్మ చేతినుండి జారి, భారత ఆహార సంస్థ గోదాము, మండల స్థాయి నిల్వకేంద్రం, చౌకధరల దుకాణం, ప్రధానోపాధ్యాయుని గది, ఏజెన్సీ ఇల్లు వంటి అయిదారు గుమ్మాల మధ్య చీలిపోయింది.

మొదటి సంవత్సరాల్లో చాలా బడులకు వంటగదే లేదు. బియ్యం బస్తాలు తరగతి గదిలో ఒక మూలన, బేతంచెర్ల నాపరాళ్ల మీద నేరుగా ఉండేవి. నాపరాయి చల్లగా ఉంటుంది, వానాకాలం చెమ్మ పడుతుంది. నిల్వబియ్యంలో తేమ పద్నాలుగు శాతం దాటితే బూజుకు, పురుగుకు దారి తెరిచినట్లే. బస్తాను చెక్కబల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచితే ఆ తేమ అందదు. ఇంత చిన్న సంగతి. పాతర అడుగున సొప్ప పరిచింది కూడా ఇందుకే.

వేసవి సెలవులది ప్రత్యేక సమస్య. ఏప్రిల్ చివర మూసిన బడి జూన్‌లో తెరుస్తారు. ఆ మధ్య డోన్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వెనుకే తొలకరి. మిగిలిన బస్తాలో పురుగుకు అంతకన్నా అనువైన కాలం లేదు. ముందు వచ్చింది ముందు వాడాలన్న సూత్రం ప్రతి మార్గదర్శకంలోనూ ఉంది. ఈ సూత్రం మన ఇంటి సంస్కారానికి కొంచెం అడ్డంగా తగులుతుందని కూడా చెప్పాలి. తెలుగింట పాతబియ్యం గౌరవనీయమైనది. అన్నం ఒదుగుతుందని, రోగికి పథ్యమని దాన్ని దాచి వాడతారు. కాని ఇంట్లో ఎండబోసి, కుండలో కట్టి దాచిన పాతబియ్యం వేరు, గోనెసంచిలో మూలన పడిన పాతబియ్యం వేరు.

6. చద్ది, పాచి

వండినదాన్ని నిల్వ ఉంచడం మరింత ప్రమాదకరం. వసతిగృహాల్లో రాత్రి భోజనం సాయంత్రం నాలుగింటికే వండేయడం నేను విద్యార్థిగా అనుభవించాను. వంటమనిషి, కామాటి ఊరికి పోయే ఆఖరి బస్సు అందుకోవాలి. ఎనిమిదింటికి మూత తీసేసరికి అన్నం అడుగున వెచ్చగా, పైన చెమర్చి ఉండేది. అలాంటి ఒక రాత్రి మా వరుసలో సగం మంది వాంతులతో తెల్లవార్లూ కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆ సంగతి ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

దీని వెనుక ఉన్న కారణం చాలాకాలం తరువాత చదివి తెలుసుకున్నాను. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేల్కొని విషాన్ని పుట్టిస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అయిదు నుండి అరవై డిగ్రీల సెల్సియస్ మధ్య వండిన తిండిని ఉంచరాదనే నియమం ఇందుకే. ఇంటి గిన్నె త్వరగా చల్లారుతుంది. వందమంది అన్నమున్న గుండిగ నడిమి భాగం మాత్రం ఆ ప్రమాదపు వేడిలో చాలా గంటలు ఉండిపోతుంది. వంటకం ఒకటే అయినా పాత్ర పెద్దదైతే ప్రమాదం స్వభావమే మారుతుంది. ఇంట్లో అనుభవమున్న మనిషికి కూడా ఇది తట్టదు.

మరి మన పెద్దలు రాత్రి అన్నాన్ని పొద్దున తినలేదా? తిన్నారు, కాని చద్దిగా. మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి కుండలో ఉంచితే పులుపు పుడుతుంది, ఆ పులుపు చాలా రకాల చెడ్డ సూక్ష్మజీవులకు పొసగదు. ప్రయాణానికి పులిహోర కట్టుకోవడంలోనూ చింతపండు చేసే పని అదే. పొడి అన్నాన్ని మూతపెట్టి ఉంచడం చద్ది కాదు, పాచి. ఈ రెండు మాటల మధ్య తేడాను మన భాష స్పష్టంగా పాటించింది. సామూహిక వంటశాల చద్దిని నాగరికం కాదని వదిలేసి, తెలియకుండానే పాచిని నిలుపుకొన్నది.

7. డబ్బా

2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని ఇరవైముగ్గురు పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఆ బడికి సరుకులు దాచే గది లేదు, అవి ప్రధానోపాధ్యాయురాలి ఇంట ఉండేవి. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వండమన్నారని అప్పటి వార్తలన్నీ రాశాయి.

బిహార్ దూరమనుకోవడానికి లేదు. మోనోక్రోటోఫాస్ కర్నూలు జిల్లా ప్రత్తిరైతుకు చిరపరిచితమైన మందు. ఖాళీ డబ్బాను కడిగి వాడుకొనే పొదుపు ఇక్కడా ఉంది. ఒకప్పటి పాలపొడి డబ్బాతో ఆ పొదుపు మంచిదే అయింది. డబ్బాలోకి వచ్చే సరుకు మారింది, అలవాటు మారలేదు.

ఆ ఘటనలో నన్ను వెంటాడేది ఆ వంటమనిషి ముక్కు. అది సరిగానే పనిచేసింది. ఆమె మాటకు మాత్రం విలువ లేకపోయింది. ఆ తరువాత ఉపాధ్యాయులు రుచి చూసిన తరువాతే వడ్డించాలన్న నియమం కఠినమైంది. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాలు దానికి చట్టబలమిచ్చాయి, గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షలు చేయించాలన్నాయి. ఇక్కడి బడుల్లో రుచి రిజిస్టరు నేడు మామూలు విషయం. గుడ్లు పాతబడినవి రాకుండా రంగు ముద్ర వేసే పద్ధతి కూడా వచ్చింది. అయితే రుచి చూడడమనేది వంట పూర్తయిన తరువాతి కాపలా. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటి, పిల్లలు పళ్లేలతో వరుసలో ఉంటారు. వద్దని చెప్పడానికి అది అత్యంత కష్టమైన గడియ.

8. ప్లాస్టిక్ బియ్యం

వండేవారి ముక్కు, కన్ను ఎప్పుడూ సరైనవేనని వాదించడం లేదు. వంద గింజలకు ఒకటి చొప్పున పోషకాలు కలిపిన గింజను చేర్చి బలవర్ధక బియ్యంగా బడులకు ఇవ్వడం మొదలైనపుడు మన జిల్లాల్లో ‘ప్లాస్టిక్ బియ్యం’ అన్న గోల పుట్టింది. తెల్లగా తేడాగా ఉన్న గింజలను, కడిగితే పైకి తేలేవాటిని, కొందరు ఏరి పారేశారు. అంటే పోషకాలనే పారేశారు. వారిని నవ్విపోదలచుకోలేదు. తేడాగా ఉన్న గింజను వేరుచేయడం వారి తల్లులు నేర్పిన విద్య. గింజ మారిందని ముందుగా వారికి చెప్పనివారిది తప్పు. రంగూను బియ్యం నాడు, గోధుమరవ్వ నాడు, ఇప్పుడూ అదే జరిగింది.

కన్ను పట్టలేని ప్రమాదాలూ ఉన్నాయి. 1995లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న తిని దక్కన్ గ్రామాల్లో ఎందరో కడుపునొప్పి, విరేచనాల పాలయ్యారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అందుకు ఫ్యూమోనిసిన్ అనే బూజువిషం కారణమని తేల్చారు. ఆ గింజలు తిన్నవారు చాలావరకు పేదలు. వేరే గింజ లేక తిన్నవారు. వేరుశనగకు పట్టే అఫ్లటాక్సిన్ అంతకన్నా మొండిది, వేయించినా పూర్తిగా పోదు. బడిలో ఇచ్చే చిక్కీ వేరుశనగదే కాబట్టి ఇది కూడా నిల్వగది విషయమే.

9. స్టాకు రిజిస్టరులో లేని గడి

ఆహార సంస్థ గోదాము దగ్గర బియ్యాన్ని ఉమ్మడిగా తనిఖీ చేసి, నమూనా తీసి, బాగాలేకపోతే కాదనే ఏర్పాటు పథకం మార్గదర్శకాల్లో ఉంది. గింజలు అందనప్పుడు బడిలోని ఇతర నిధులు వాడి భోజనం ఆగకుండా చూసే వెసులుబాటు 2015 నియమాలు ప్రధానోపాధ్యాయునికి ఇచ్చాయి. గింజలు అంది, అవి ముక్కినవైతే? కాగితం మీద తిప్పి పంపవచ్చు. పంపిన బస్తాకు బదులు ఎప్పుడు వస్తుందో, ఈ మధ్య పిల్లలకేం పెట్టాలో వంటమనిషికి తెలియదు. నెలకు మూడువేల రూపాయల గౌరవవేతనం మీద పనిచేసే మనిషి ఆ నిర్ణయాన్ని నెత్తిన వేసుకోలేదు.

నేను చూసిన స్టాకు రిజిస్టర్లలో ప్రారంభ నిల్వ, వచ్చినది, వాడినది, మిగిలినది అని గడులుంటాయి. పాడైనదానికి గడి లేదు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు వంద గ్రాముల బియ్యం లెక్క. ఎనభైమంది హాజరైతే ఎనిమిది కిలోలు తూచి ఇస్తారు. ఏజెన్సీ మహిళ ఉదయం తొమ్మిదింటికి వాటిని చేటలో పోసి, పురుగు, నూక, ఉండకట్టిన గింజలు తీసి అవతల పారేస్తుంది. అరకిలో పోవచ్చు, కిలో పోవచ్చు. రిజిస్టరులో మాత్రం ఎనిమిది కిలోలూ వాడినట్లే ఉంటుంది. ఆ అరకిలో అన్నం కొన్ని రోజులు ఎనభై పళ్లేల్లో తలా కొంత తగ్గుతుంది, కొన్ని రోజులు ఆమె ఇంటి డబ్బాలోనుంచి వస్తుంది.